ఎండని ఎవరి వైపు తిప్పుదాం?

మా సెక్టారు పార్కులో ఏం పెట్టాలన్న విషయం మీద పది రోజులుగా మా ఇంట్లో వాదన నడుస్తోంది. పెద్ద గొడవేం కాదులెండి. పప్పన్నం దగ్గర మొదలై మజ్జిగ దగ్గరకొచ్చేసరికి ఆగిపోయే రకం. కాకపోతే రోజూ మొదలవుతోంది.

సంగతేమిటంటే, కాలనీవాళ్ళం తలా కొంత వేసుకుని పార్కులో అందమైన వస్తువేదైనా పెట్టించుకుందాం అనుకున్నాం. ఎక్కువమంది ఓటు ఒక స్టీలు గోళానికి పడింది. ఐదడుగుల ఎత్తు, అద్దంలాంటి పాలిష్. ఎండ పడితే తళతళలాడాలి, ముందు నిలబడితే మన మొహాలు కనపడాలి, పిల్లలు ఫొటోలు దిగాలి. నమూనాకని ఎవరో వాట్సాప్ గ్రూపులో షికాగో నగరంలోని 'క్లౌడ్ గేట్' ఫొటో పెట్టారు. బొంబాయిలో పుట్టిన అనీష్ కపూర్ చేసింది అది. 168 స్టీలు రేకులు కలిపి, అతుకన్నది కనపడకుండా నున్నగా చేసి 2006లో పూర్తి చేశారు. చూడడానికి పెద్ద చిక్కుడుగింజలా ఉంటుంది.

"మనది ఉక్కునగరం. స్టీలు బొమ్మ కాక ఇంకేం పెడతాం?" అన్నారు గ్రూపులో. మా ఆయన అది చదివి, "మన ప్లాంటులో వచ్చేది కమ్మీలు, వైరు రాడ్లు. అద్దంలా మెరిసే స్టెయిన్‌లెస్ స్టీలు బయటి నుంచి కొనుక్కు రావలసిందే" అని గొణిగారు. ముప్పై ఏళ్ళు దాటిన సర్వీసు మరి, ఆ మాత్రం పట్టింపు ఉంటుంది.

నా అభ్యంతరం వేరు. అది చెప్పాలంటే ముందు మా అత్తగారి మంచం సంగతి చెప్పాలి.

పోయినేడు దసరా ముందు ఆవిడ బాత్రూము గడప దగ్గర జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషనయ్యాక మూడు నెలలు మంచమే. మాది గ్రౌండ్ ఫ్లోరు క్వార్టరు. నేను కాపురానికొచ్చిన కొత్తలో చుట్టూ నాటిన మొక్కలు నా నడుం దాకా ఉండేవి. ఇప్పుడవి రెండంతస్తులు దాటిన మానులు. మే నెలలో ఆ చెట్లే మా ప్రాణాలు నిలబెడతాయి, వాటిని ఒక్క మాట అనను. కానీ మార్గశిరం వచ్చేసరికి వెనక గదిలోకి ఎండ పొడ రాదు. ఆవిడ పడుకున్నది ఆ గదిలోనే. పగలంతా ట్యూబ్‌లైటు. "పగలేదో రాత్రేదో తెలీకుండా పోతంది అమ్మీ" అనేవారు.

పెరటి గోడ మీద ఒక మూల మాత్రం పొద్దున్న ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా మంచి ఎండ పడుతుంది. అక్కడే నేను అప్పడాలు, వడియాలు ఎండబెట్టేది. ఒకరోజు అక్కడ స్టీలు పళ్ళెం బోర్లిస్తుంటే దాని వెలుగు కిటికీలోంచి లోపలికి పోయి గోడ మీద గంతులేసింది. చిన్నప్పుడు బళ్ళో అద్దం ముక్కతో మాస్టారి వీపు మీద ఎండ వేసి తన్నులు తిన్నదాన్ని, నాకు వెంటనే వెలిగింది. అటక మీద పాత బీరువా తలుపు అద్దం ఉంది. దాన్ని దింపి, తుడిచి, గోడ మీద నిలబెట్టి, వెనక రెండు ఇటుకలు పెట్టాను. అటూ ఇటూ కదిపి కదిపి, చివరికి కిటికీ చువ్వల నీడతో సహా ఒక ఎండ చాప తీసుకెళ్ళి ఆవిడ మంచం మీద పరిచాను.

లోపల్నుంచి కేక. పడిపోయారేమోనని పరిగెత్తాను.

"ఓలమ్మో, ఇదేటే అమ్మీ! నా కాళ్ళ మీదకొచ్చేసినాడు స్వామి!"

ఆవిడ ఒక కాలు గబుక్కున దుప్పట్లోకి లాక్కున్నారు. ఆపరేషనైన కాలు లాక్కోలేక, దాని మీద చేత్తో కొంగు కప్పుతున్నారు.

ఆవిడ పుట్టిల్లు శ్రీకాకుళం పక్కన. అరసవల్లి వాళ్ళకి ఇంటి దేవుడు. రథసప్తమికి తల మీద జిల్లేడాకులు పెట్టుకుని స్నానం, చిక్కుడుకాయల రథం, పాలు పొంగించడం, ఇవన్నీ మా ఇంట్లో ఆవిడ చేతిమీదుగానే ఇప్పటికీ జరుగుతాయి. ఏడో శతాబ్దంలో కళింగరాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెప్పే ఆ గుడిలో మార్చి 9, 10 తేదీల ప్రాంతంలోనూ, మళ్ళీ అక్టోబరు 1, 2 ప్రాంతంలోనూ పొద్దున్నే సూర్యకిరణాలు అనివెట్టి మండపం దాటి లోపలికి వచ్చి సూర్యనారాయణమూర్తి పాదాలను తాకుతాయి. కొద్ది నిమిషాలే. దానికోసం జనం తెల్లవారుజాము నుంచి నిలబడతారు. మబ్బు పడితే ఉసూరుమంటూ ఇంటికి పోతారు. ఆవిడ చిన్నతనంలో వాళ్ళ నాన్న భుజాల మీద ఎక్కి చూశారట. స్వామి పాదాల మీద పడవలసిన ఎండ తన పాదాల మీద పడితే ఆవిడకి భయం వెయ్యదూ మరి!

"స్వామి కాదత్తయ్యా, బీరువా అద్దం" అన్నాను. ఆవిడ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నారు. కాలు మాత్రం బయటపెట్టలేదు. ఆ పూటకి ఎండని చేతుల మీదకి తిప్పాను.

ఆ మర్నాటి నుంచి అది మా ఇంట్లో ఒక పని అయింది. కుక్కరు పెట్టి రావడం, అద్దం తిప్పడం. ఎందుకంటే పది నిమిషాలకోసారి ఎండ మంచం దిగి గోడెక్కేది. సూర్యుడు గంటకి పదిహేను డిగ్రీలు కదులుతాడు కాబట్టి, కదలని అద్దంలోంచి వచ్చే వెలుగూ అలాగే జరిగిపోతుందని మా చిన్నది చెప్పింది. నాకు లెక్క తెలియదు గానీ, మూడు విజిళ్ళకి ఒకసారి తిప్పాలని తెలిసింది.

వారం గడిచాక అత్తగారు అన్న మాట ఇది: "నాకు సాల్లే అమ్మీ. ఆ ఎదర వరసలో పెద్దాయన ఉన్నాడు గదా, పక్షవాతం మనిసి. ఆయన గదిలోకి పంపలేవేటి?"

ప్రయత్నించాను. నేను అద్దం తిప్పుతుంటే ఆ వెలుగు కాస్తా రోడ్డు మీదకి పోయి, స్కూటరు మీద వెళ్తున్న ఒకబ్బాయి కళ్ళలో కొట్టింది. అతను బండి ఆపి నన్ను నాలుగు మాటలన్నాడు. అతని తప్పేం లేదు. పడి ఉంటే నేనేం చేసేదాన్ని? ఆ రోజుతో వీధి దాటించే ప్రయోగం మానేశాను. కానీ ఆవిడ మాట మనసులో ఉండిపోయింది.

ఆ రోజుల్లోనే మా చిన్నది నార్వే దేశంలో ర్యూకన్ అనే ఊరి సంగతి చదివి మాకు చెప్పింది. విన్నకొద్దీ అది మా ఊరి కథలాగే అనిపించింది. లోతైన లోయలో, జలపాతం కరెంటుతో నడిచే ఎరువుల ఫ్యాక్టరీ కోసం నార్స్క్ హైడ్రో కంపెనీ కట్టించిన ఊరది. మనలాగే క్వార్టర్లు, షిఫ్టులు. దక్షిణం వైపు కొండ అడ్డం రావడం వల్ల సెప్టెంబరు చివర్నుంచి మార్చి మధ్య దాకా, అంటే ఏడాదిలో దాదాపు సగం, ఊళ్ళోకి ఎండ దిగదు. 1913లోనే అక్కడి జమాఖర్చుల గుమాస్తా ఒకాయన, కొండ మీద అద్దాలు పెట్టి ఊళ్ళోకి ఎండ తెప్పించుకుందామని పత్రికకి రాశాడు. కంపెనీ స్థాపకుడు శామ్ ఐడె కూడా ఆ ఆలోచనకి సంబరపడ్డాడు. అప్పట్లో కుదరలేదు. దానికి బదులు 1928లో కంపెనీ రోప్‌వే కట్టించింది, జనం కొండెక్కి ఎండ చూసి రావడానికి.

వందేళ్ళ తర్వాత, బయటి నుంచి వచ్చి ఆ ఊళ్ళో స్థిరపడ్డ మార్టిన్ ఆండర్సన్ అనే కళాకారుడు ఆ పాత ఆలోచనని మళ్ళీ పట్టుకున్నాడు. డబ్బు దండగ అన్నవాళ్ళు అక్కడా ఉన్నారు. అయినా 2013 అక్టోబరు 30న అద్దాలు ప్రారంభమయ్యాయి. ఊరి కూడలికి 450 మీటర్ల ఎత్తున కొండ మీద మూడు అద్దాలు, ఒక్కొక్కటి 17 చదరపు మీటర్లు. కంప్యూటరు వాటిని సూర్యుడితోపాటు తిప్పుతూ ఉంటుంది. కింద కూడలిలో సుమారు 600 చదరపు మీటర్ల ఎండ పరుచుకుంటుంది. ఆ మొదటి రోజు జనం నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, పడక కుర్చీలు వేసుకుని కూర్చున్న ఫొటోలు చూస్తే నవ్వొచ్చింది, కడుపూ నిండింది. ఇటలీలో విగనెల్లా అనే చిన్న కొండ ఊరు అంతకు ముందే, 2006లో, ఎనిమిది మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల ఎత్తున్న అద్దం పెట్టుకుంది. అక్కడ నవంబరు 11 నుంచి ఫిబ్రవరి 2 దాకా ఎండ రాదట.

అదే 2013లో, ర్యూకన్ అద్దాలకి రెండు నెలల ముందు, లండన్‌లో ఇంకో సంగతి జరిగింది. ఫెన్‌చర్చ్ స్ట్రీట్‌లో కడుతున్న 37 అంతస్తుల అద్దాల మేడ ముందు భాగం లోపలికి వంగి ఉంటుంది, గరిటెలాగ. ఎండంతా ఆ గరిటెలోకి చేరి ఒకేచోట కింద వీధిలో పడింది. అక్కడ ఆపిన జాగ్వార్ కారు భాగాలు కరిగి వంగిపోయాయి. ఒక విలేఖరి పెనం పెట్టి గుడ్డు వేయించి చూపించాడు. తర్వాత ఆ మేడకి ఎండ మరక పలకలు బిగించాల్సి వచ్చింది.

రెండు చోట్లా ఉన్నది ఆ సూర్యుడే. ఒకచోట నూరేళ్ళుగా కింద నిలబడ్డ మనిషిని తలుచుకుని అద్దం పెట్టారు. ఇంకోచోట మేడ అందం చూసుకున్నారు, కింద ఎవరు నడుస్తారో చూసుకోలేదు. స్కూటరబ్బాయి కళ్ళలో ఎండ కొట్టినదాన్ని కాబట్టి నేను ఎవర్నీ పెద్దగా వేలెత్తి చూపను. కానీ పార్కు సంగతి వచ్చేసరికి నాకు గుర్తొచ్చేది ఇదే.

మా పార్కులో గోళం పెట్టాలనుకున్నది మధ్యలో, ఎండ బాగా పడేచోట. విశాఖ ఎండకి తక్కువేముంది? ఏప్రిల్ వచ్చిందంటే ఆ గోళం దగ్గరకి పిల్లాడు వెళ్ళలేడు, చెయ్యి పెడితే కాలుతుంది, కళ్ళు జిగేల్‌మంటాయి. ఎండ నిండుగా ఉన్నచోట ఇంకాస్త మెరుపు పెట్టి మనం చేసే ఉపకారమేమిటి?

రెండోది, తుడిచేదెవరు? ఇది ఆడవాళ్ళం తప్ప ఎవరూ అడగరు. షికాగోలో ఆ చిక్కుడుగింజకి కింద ఆరడుగుల మేర రోజూ తుడవడానికి మనుషులున్నారు, వేలిముద్రలు పడతాయి కాబట్టి. మనకి వేలిముద్రలతోపాటు దుమ్ము, సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలి. కిటికీ గ్రిల్లుకి రెండేళ్ళకోసారి రంగు వెయ్యకపోతే ఏమవుతుందో ఇక్కడ కాపురం చేసే ప్రతి ఇల్లాలికీ తెలుసు. ఆరు నెలలు తిరగకుండా ఆ గోళం మా పాత ఇత్తడి బిందెలా అవుతుంది. దాని మీద ఎవరో వాళ్ళ పేరు గీకుతారు.

ఇక నేనేం పెట్టమంటున్నానో చెప్తాను. పార్కుకి తూర్పు పక్కన పెద్ద చెట్ల కింద రెండు సిమెంటు బెంచీలున్నాయి. మా అత్తగారు ఇప్పుడు వాకర్ పట్టుకుని అక్కడిదాకా నడుస్తారు. ఆవిడతోపాటు ఇంకో ఐదారుగురు పెద్దవాళ్ళు చేరతారు. వేసవిలో ఆ నీడ వరం. కానీ చలికాలం పొద్దున్న శాలువాలు కప్పుకుని వణుకుతూ కూర్చుంటారు. పది అడుగుల అవతల బోలెడు ఎండ ఉంటుంది, అక్కడ బెంచీ లేదు. "బెంచీ జరిపితే పోదా?" అని మీరు అడుగుతారని తెలుసు. ఆ ఎండ ఉన్న జాగా పిల్లల క్రికెట్‌ది. పెద్దవాళ్ళు తామే వద్దన్నారు, బంతి తగులుతుందని.

గోళానికయ్యే స్టీలుతోనే అద్దంలాంటి చదును పలకలు నాలుగైదు చేయించి, ఎండ అందే చోట ఒక స్తంభానికి బిగించి, ఒక్కో పలకని ఒక్కో కోణంలో పెడితే, ఏడున్నర నుంచి తొమ్మిది దాకా ఒకదాని తర్వాత ఒకటి ఆ బెంచీల మీదకి ఎండ పంపుతాయి. మోటారక్కర్లేదు, కంప్యూటరక్కర్లేదు. చదును అద్దం కాబట్టి మామూలు ఎండని మించి వేడి రాదు. దీన్ని నేనొక్కదాన్నే అనుకుని ఉంటే మీరు నవ్వొచ్చు. మా పైఫ్లోరులో ఉండే రిటైరైన ఇంజనీరుగారిని అడిగాను. ఆయన కాగితం మీద గీసి చూపించారు.

ఆయన చెప్పిన ఇంకో ముక్క నాకు భలే నచ్చింది. డిసెంబరు మొదటి నుంచి జనవరి పది దాకా సూర్యుడు ఆకాశంలో దక్షిణపు చివర దగ్గర నెమ్మదిగా తిరిగి వస్తాడు. ఆ నలభై రోజుల్లో ఆయన ఎత్తు రెండు డిగ్రీలు కూడా మారదు. కాబట్టి ఒకసారి బిగించిన పలక ఆ రోజులన్నీ దాదాపు అక్కడికే ఎండ పంపుతుంది. సరిగ్గా మనకి ఎండ కావలసిన రోజులవే. అదే మార్చిలో, అక్టోబరులో సూర్యుడు తొందరగా జరిగిపోతాడు, రోజుకి సుమారు 0.4 డిగ్రీలు. అరసవల్లిలో కిరణాలు రెండు మూడు రోజులే పాదాలను తాకడానికి కారణం అదే. దక్షిణానికి పోతూ ఒకసారి, తిరిగొస్తూ ఒకసారి అదే దారిలోకి వస్తాడు కాబట్టి ఏడాదికి రెండుసార్లు. ఇన్నేళ్ళూ దణ్ణం పెట్టుకున్నాను గానీ ఈ లెక్క ఆలోచించలేదు. తెలిశాక ఆ గుడి కట్టినవాళ్ళ మీద గౌరవం ఇంకా పెరిగింది.

సంక్రాంతి వెళ్ళాక పలకలకి గోనెపట్టా కట్టేయవచ్చు. లేకపోతే వేసవిలో వాటి వెలుగు ఎవరి కళ్ళలో పడుతుందో! తుడవడానికి వంతులు వేసుకుందాం, మొదటి వంతు నాది.

మా ఆయన దీనికి ఒప్పుకోలేదు. ఆయన వాదన ఇంకోటి. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో ఏంథమ్ అనే ఊళ్ళో 2011లో మాజీ సైనికుల కోసం ఐదు స్తంభాలు కట్టారు. వాటిలో గుండ్రటి కంతలుంటాయి. ఏటా నవంబరు 11న ఉదయం 11 గంటల 11 నిమిషాలకి ఎండ ఆ ఐదు కంతల్లోంచి దూరి, నేల మీద పరిచిన వాళ్ళ దేశ ముద్ర మీద గుండ్రంగా పడుతుంది. "మనకీ అలాంటిది కావాలి. 1966లో ఈ ఫ్యాక్టరీ కోసం ప్రాణాలిచ్చిన 32 మంది కోసం. విశాఖలో కాల్పులు జరిగిన నవంబరు 1న ఎండ వచ్చి ఒక పలకని తాకాలి. అది మన కమ్మీలతోనే చెయ్యొచ్చు" అంటారు. 2021లో ప్లాంటు అమ్మకం మాట వచ్చినప్పుడు కూర్మన్నపాలెం శిబిరంలో కూర్చున్న మనిషి. ఆయన గొంతులో వణుకు నాకు తెలుసు.

ఆ మాటకి నేనేం ఎదురు చెప్పగలను? "నవంబరులో మబ్బు పడితే?" అన్నాను. "అరసవల్లిలో పడటం లేదా?" అన్నారు. "ఫిబ్రవరి పదో తారీకు ప్రాంతంలో కూడా పడుతుంది, అదే దారి కాబట్టి" అని ఇంజనీరుగారి దగ్గర నేర్చుకున్నది చెప్పాను. "అయితే రెండుసార్లు తలుచుకుందాం" అన్నారు.

ఆలోచిస్తే ఆయనా నేనూ అడిగేది ఒకటే. ఆ ఎండ ఎవరి కోసం అన్నది ముందు తేల్చుకోవాలి. చనిపోయినవాళ్ళ కోసమైనా సరే, చలికి వణికేవాళ్ళ కోసమైనా సరే. అద్దం ఎంత పెద్దది, ఎంత మెరుస్తుంది, ఫొటో ఎలా వస్తుంది అన్నవి తర్వాత. మన మొహం మనకి చూపించే అద్దాలు ఇంటింటా ఉన్నాయి. జేబులో ఫోన్ కూడా ఆ పనే చేస్తోంది. నలుగురి డబ్బుతో నలుగురి మధ్య పెట్టే అద్దం అవతలి మనిషి వైపు తిరగాలని నా కోరిక.

వచ్చే మే నెలాఖరుకి మా ఆయన రిటైరవుతారు. క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఆ తర్వాత చలికాలానికి ఆ బెంచీ మీద మా అత్తగారు ఉండరు, శ్రీకాకుళంలోనో, మేం ఎక్కడుంటే అక్కడో ఉంటారు. "మనం ఉండని చోటికి నీకెందుకింత ఆరాటం?" అని మా చెల్లెలు ఫోన్‌లో అడిగింది. ఈ చెట్లు నాటినవాళ్ళలో చాలామంది ఈ నీడలో కూర్చోకుండానే వెళ్ళిపోయారు. అంతకంటే జవాబు నా దగ్గర లేదు.

పార్కు మీటింగు ఆదివారం. మా ఆయన బెంచీల మాట కూడా ఎత్తుతానన్నారు, నవంబరు 1 మాట నేను ఎత్తితే. ఒప్పందం కుదిరింది. గోళం వాళ్ళు మాకంటే ఎక్కువమంది, గెలుస్తామన్న నమ్మకం లేదు. మీ కాలనీలో అయితే మీరేం పెట్టించేవారో చెప్పండి, అక్కడ చదివి వినిపిస్తాను.

ఇవాళ పొద్దున్న అత్తగారిని బెంచీ దగ్గర కూర్చోబెట్టి శాలువా సర్దుతుంటే, ఎదురుగా క్రికెట్ జాగాలో పడుతున్న ఎండ చూస్తూ అడిగారు.

"ఆడు ఇటెప్పుడొస్తాడే అమ్మీ?"

"మీటింగు ఆదివారం అత్తయ్యా" అన్నాను.